దండచెయ్యి ఎముక విరిగితే ఫంక్షనల్ బ్రేస్: వేసుకునే రోజు నుంచి తీసేసే రోజు దాకా

భుజానికీ మోచేతికీ మధ్య ఉండే పొడవాటి ఎముక నడిమి భాగంలో విరిగితే, చాలామందికి ఆపరేషన్ లేకుండానే అతుక్కుంటుంది. డాక్టరు బ్రేస్ (దండచేతి చుట్టూ పట్టీలతో బిగించే ప్లాస్టిక్ చిప్పలు) వేసి, వారం తర్వాత రమ్మని పంపిస్తారు. ఇంటికొచ్చాక ప్రశ్నలు మొదలవుతాయి. ఎంత బిగించాలి? రాత్రి తీసేయొచ్చా? స్నానం ఎలా? లోపల ఎముక కటకటమంటోంది, ఏమన్నా తేడా చేసిందా? ఇవే ప్రశ్నలు పదే పదే వస్తున్నాయి కాబట్టి ఒక వరసలో రాస్తున్నాను.

ముందే ఒక మాట చెప్పాలి. ఈ వైద్యంలో బ్రేస్ చేసేది సగం పనే. రోజూ పట్టీలు బిగించడం, చేతిని వేలాడనివ్వడం, మోచెయ్యి కదపడం, ఈ మూడూ ఇంట్లో జరగాలి. అవి జరగకపోతే ఎంత ఖరీదైన బ్రేస్ కొన్నా లాభం లేదు.

ఇది పెద్దవాళ్లకు, ఎముక నడిమి భాగం విరిగినవాళ్లకు మాత్రమే. భుజం గుండు దగ్గర గానీ, మోచేతి కీలులో గానీ విరిగితే లెక్క వేరు. పిల్లల సంగతీ వేరే.

1. మీ ఫ్రాక్చర్ బ్రేస్‌కి పనికొస్తుందా?

ఈ నిర్ణయం ఎక్స్‌రే చూసి ఎముకల డాక్టరు తీసుకోవాలి. అయితే ఏం అడగాలో మీకు తెలిసి ఉండాలి.

కింది వాటిలో ఏదున్నా సాధారణంగా ఆపరేషన్ వైపే మొగ్గుతారు:

- చేతికి రక్తం తీసుకెళ్లే నాళం దెబ్బతినడం
- చర్మం బాగా చీలి ఎముక బయటపడిన గాయం
- అదే చేతిలో మోచేతి కింది ఎముకలు కూడా విరగడం, లేదా రెండు దండచేతులూ విరగడం
- కాళ్లు, పక్కటెముకలు కూడా విరిగి మనిషి లేచి కూర్చోలేని స్థితి
- క్యాన్సర్ గడ్డ వల్ల బలహీనపడి విరిగిన ఎముక
- విరిగిన ముక్కల మధ్య ఎడం ఉండి, అది తగ్గకపోవడం

చివరిది చాలామంది పట్టించుకోరు. ముక్కలు కాస్త ఒకదాని మీదొకటి ఎక్కినా అతుక్కుంటాయి. వాటి మధ్య ఖాళీ మిగిలిపోతేనే కష్టం.

ఎక్స్‌రేలో ఎముక వంకరగా కనిపించగానే ఇంట్లో అందరికీ టెన్షన్ మొదలవుతుంది. దండచేతి ఎముక విషయంలో ముందుకో వెనక్కో 20 డిగ్రీల వంపు, పక్కకు 30 డిగ్రీల వంపు, 2 నుంచి 3 సెంటీమీటర్ల పొట్టితనం వరకు పనికి అడ్డం రావని ఎముకల వైద్యంలో ఒప్పుకున్న లెక్క. భుజం అన్ని వైపులా తిరిగే కీలు కావడంతో ఆ తేడాను సర్దుకుంటుంది, చుట్టూ ఉన్న కండ ఆ వంపును పైకి కనిపించనివ్వదు. తొడ ఎముకకు ఇంత వెసులుబాటు లేదు. అందుకే "మా బంధువుకి కాలు విరిగితే రాడ్ వేశారు, మీకెందుకు వెయ్యలేదు" అనే పోలిక ఇక్కడ పనికిరాదు.

అలాగని బ్రేస్ అందరికీ గ్యారంటీ కాదు. ఫిన్లాండ్‌లో ఆపరేషన్‌నీ బ్రేస్‌నీ పోల్చి చేసిన పరిశోధన 2020లో వెలువడింది. ఏడాది తర్వాత రెండు గుంపుల్లోనూ చెయ్యి పనితీరులో చెప్పుకోదగ్గ తేడా లేదు. కానీ బ్రేస్‌తో మొదలుపెట్టినవాళ్లలో నూటికి సుమారు 30 మందికి తర్వాత ఆపరేషన్ చెయ్యాల్సి వచ్చింది. ఈ సంగతి మొదటి రోజే తెలిసి ఉండాలి. అప్పుడే, ఎముక అతుకుతోందో లేదో తేలే ఆరో వారంలో డాక్టరు ఏం చెప్పినా నిబ్బరంగా వినగలరు. ఎముక పైభాగంలో ఏటవాలుగా విరిగినవి, నడుమ అడ్డంగా విరిగినవి అతుక్కోవడానికి ఎక్కువ మొండికేస్తాయి. పొగతాగేవాళ్లకూ అంతే.

2. మొదటి పది రోజులు: బ్రేస్‌కి ముందు

విరిగిన రోజే బ్రేస్ వెయ్యరు. వాపు, నొప్పి బాగా ఉంటాయి కాబట్టి ముందు చంక దగ్గర్నుంచి మోచేతి కిందుగా తిప్పి భుజం మీదికి వచ్చేలా సిమెంటు పట్టీ వేస్తారు. దాన్ని యు-స్లాబ్ అంటారు. వాపు తగ్గాక, సాధారణంగా వారం నుంచి రెండు వారాల్లో, బ్రేస్‌కి మారుస్తారు.

ఈ రోజుల్లో చెయ్యాల్సినవి:

- ఉంగరాలు, గాజులు, వాచీ, చేతి తాళ్లు వెంటనే తీసేయండి. వాచిన వేలికి ఉంగరం బిగిస్తే కత్తిరించాల్సి వస్తుంది.
- మెలకువగా ఉన్నంతసేపూ గంటకోసారి పది సార్లు పిడికిలి గట్టిగా బిగించి, వేళ్లు పూర్తిగా చాచండి.
- వీపు వెనక దిండ్లు పెట్టుకుని ఏటవాలుగా పడుకోండి. ఇంట్లో పడక కుర్చీ ఉంటే అదే మంచిది.
- బీడీ, సిగరెట్, గుట్కా, ఖైనీ ఆపండి. నికోటిన్ ఎముక అతుక్కోవడాన్ని ఆలస్యం చేస్తుంది.
- షుగర్ ఉంటే అదుపులో పెట్టుకోండి.

నాటు కట్టు వేయించుకోవచ్చా అని చాలామంది అడుగుతారు. వద్దు. వెదురు బద్దలు పెట్టి బిగించిన కట్టు కింద వాపు పెరిగితే రక్తం ఆడక చెయ్యే పోయే ప్రమాదం ఉంది. పైగా ఈ ఎముకను చుట్టుకుని వెళ్లే రేడియల్ నరం ఉంది. తైలం పోసి మర్దన చేసి, ఎముక సరిచేస్తున్నామని లాగితే అది దెబ్బతినవచ్చు.

3. నరం పరీక్ష: బ్రేస్ వేసే ముందు, వేసిన తర్వాత

అరచెయ్యి కిందికి ఉండేలా చేతిని బల్ల మీద ఆనించండి. మణికట్టును పైకి లేపండి. తర్వాత వేళ్ల మొదళ్లను పైకి లేపండి. తర్వాత బొటనవేలిని బయటికి చాచండి. మూడూ చేయగలిగితే రేడియల్ నరం పనిచేస్తున్నట్టు.

ఈ ఫ్రాక్చర్‌లో పది మందిలో ఒకరికి పైగా ఆ నరం దెబ్బతిని మణికట్టు వాలిపోతుంది. దెబ్బ తగిలినప్పుడే వాలిపోయి ఉంటే కంగారు పడకండి. ఎక్కువమందికి, నూటికి 70 మంది దాకా, నెలలు గడిచేకొద్దీ అదే కోలుకుంటుంది. ఆ లోపు మూడు పనులు చెయ్యాలి: మణికట్టును పైకి పట్టి ఉంచే స్ప్లింట్ వేసుకోవాలి, రెండో చేత్తో మణికట్టునూ వేళ్లనూ రోజూ నాలుగైదు సార్లు పూర్తిగా పైకి వంచాలి, చెప్పిన తేదీకి నరం పరీక్షకు వెళ్లాలి. మొదటి వారంలోనే మిషన్‌తో చేసే నరం టెస్టు చేయించమని ఒత్తిడి చేయకండి. దెబ్బ తగిలిన మూడు వారాల లోపు చేస్తే ఫలితం సరిగ్గా తేలదు.

బ్రేస్ వేసే ముందు బాగా లేచిన మణికట్టు, వేసిన తర్వాత లేవకపోతే మాత్రం విషయం వేరు. అక్కడే, అప్పుడే డాక్టరుకి చెప్పాలి.

4. బ్రేస్ ఎంచుకోవడం, కూర్చోబెట్టడం

ముందొకటి, వెనకొకటిగా రెండు ప్లాస్టిక్ చిప్పలు, వాటిని కలిపి బిగించే వెల్‌క్రో పట్టీలు. వస్తువు ఇంతే. ఎముకను నేరుగా పట్టుకునేది చిప్పలు కాదు. చుట్టూ ఉన్న కండను అవి అన్ని వైపుల నుంచీ అదుముతాయి, ఆ కండ ఎముక ముక్కలను నిలబెడుతుంది. బస్తాలో బియ్యం కిక్కిరిసేలా నింపి మూతి కుడితే నిటారుగా నిలబడుతుంది, వదులుగా ఉంటే ఒరిగిపోతుంది. బిగువే ప్రాణమని ఇందుకే అంటున్నాను.

రెడీమేడ్‌గా వేర్వేరు సైజుల్లో దొరుకుతాయి. చేతి చుట్టుకొలత, పొడవు రెండూ కొలవాలి. చెయ్యి మరీ లావుగా గానీ, మరీ సన్నగా గానీ ఉంటే కొలత తీసి చేయించుకోవడమే మేలు.

వేసిన తర్వాత అద్దం ముందు నిలబడి ఇవి చూసుకోండి:

- లోపలి వైపు పై అంచు చంకకు రెండు వేళ్లు కిందుగా ఉందా?
- బయటి వైపు పై అంచు భుజం కొన ఎముకకు కాస్త కిందుగా ఆగిందా?
- కింది అంచు మోచేతికి రెండు పక్కలా ఉండే ఎముక బుడిపెలకు పైనే ఉందా?
- మోచెయ్యి వంచినప్పుడు ముందు చిప్ప మడతలో గుచ్చుకోకుండా ఉందా?
- లోపల మెత్తని కాటన్ గొట్టం ముడతలు లేకుండా ఉందా?

అయిదింట్లో ఏది తేడాగా ఉన్నా ఇంటికి వెళ్లకముందే సరిచేయించుకోండి. చిప్ప అంచును వేడి చేసి మడవడం, కొంచెం కత్తిరించడం బ్రేస్ వేసేవాళ్లకు అయిదు నిమిషాల పని.

5. మెడ పట్టీ: ఎక్కువమంది తప్పు చేసేది ఇక్కడే

మందుల షాపులో చెయ్యి విరిగిందనగానే మోచెయ్యి దాకా సంచిలా పట్టుకునే ఆర్మ్ పౌచ్ ఇచ్చేస్తారు. ఈ ఫ్రాక్చర్‌కి అది సరిపోదు. అది మోచేతిని కింది నుంచి పైకి ఎత్తుతుంది, దాంతో విరిగిన చోట ఎముక వంగుతుంది. బ్రేస్‌తో పాటు కావలసింది మెడ నుంచి వచ్చి మణికట్టును మాత్రమే పట్టుకునే పట్టీ. దాన్ని కాలర్ అండ్ కఫ్ అంటారు. మోచెయ్యి కింద ఏ ఆధారమూ లేకుండా గాలిలో ఉండాలి. చేతి బరువే ఎముకను నెమ్మదిగా వరసలోకి లాగుతుంది.

అలవాటుగా జరిగే పొరపాట్లు ఇవి: కుర్చీ చేతి మీద మోచెయ్యి ఆనించడం, డైనింగ్ టేబుల్ మీద పెట్టడం, పడుకున్నప్పుడు మోచేతి కింద దిండు పెట్టడం. మూడూ ఒకే తప్పు, మూడూ ఎముకను పక్కకు వంచేవే. ఇంట్లోవాళ్లు జాలిపడి దిండు తెచ్చి పెడతారు, వాళ్లకు ముందే చెప్పి ఉంచండి.

పట్టీ పొడవు కూడా చూడాలి. మోచెయ్యి దాదాపు 90 డిగ్రీల వంపులో ఉండి, భుజం సహజంగా కిందికి వాలి ఉండాలి. పట్టీ పొట్టిదైతే భుజం చెవి వైపు ఎగబాకుతుంది, సాయంత్రానికి మెడ పట్టేస్తుంది.

6. రోజూ బిగించే పద్ధతి

వాపు తగ్గేకొద్దీ బ్రేస్ వదులవుతుంది. మొదటి రెండు మూడు వారాల్లో ఇది రోజూ జరుగుతుంది. ఉదయం ఒకసారి, సాయంత్రం ఒకసారి ఇలా చేయండి:

1. నిలబడండి, లేదా కుర్చీ అంచున కూర్చోండి. భుజం సడలించి చెయ్యి కిందికి వాలనివ్వండి.
2. బ్రేస్ జారి ఉంటే పట్టీలు కొద్దిగా మాత్రమే వదులు చేసి దాన్ని పైకి జరపండి. పట్టీలన్నీ ఒకేసారి ఊడదీయొద్దు.
3. కింది పట్టీ నుంచి మొదలుపెట్టి ఒక్కోటీ కొంచెం బిగించండి. పై దాకా వచ్చాక మళ్లీ కింది నుంచి రెండో విడత బిగించండి. ఒక్క పట్టీనే గట్టిగా లాగితే అక్కడ చర్మం నొక్కుకుపోతుంది.
4. పట్టీ కింద ఒక వేలు కష్టం మీద దూరాలి. సులువుగా దూరితే వదులు, అసలు దూరకపోతే అతి.
5. గోరు నొక్కి వదలండి. తెల్లబడిన చోట రెండు సెకన్లలో మళ్లీ ఎర్రగా రావాలి.
6. వెల్‌క్రో ఆగిన చోట పెన్నుతో చిన్న గీత గీయండి.

ఆ గీత అనవసరం అనిపించొచ్చు, కానీ నేను ప్రతి ఒక్కరినీ పెట్టమంటాను. మర్నాడు పట్టీ ఆ గీత దాటి అర అంగుళం ముందుకు వెళితే వాపు తగ్గిందని తెలుస్తుంది. గీతకు వెనకే ఆగిపోతే నిన్నటికంటే తక్కువ బిగించినట్టు, లేదా వాపు పెరిగినట్టు. బిగించేది ఒకరోజు భార్య, ఒకరోజు కొడుకు అయినప్పుడు కొలత మారకుండా ఉండేది ఆ గీత వల్లే.

రెండు చిప్పల అంచులూ ఒకదానికొకటి తగిలేదాకా వస్తే ఇక బిగించడానికి చోటు లేనట్టు. చిన్న సైజుకి మారాలి, లేదా చిప్పలు కత్తిరించాలి. పట్టీని ఎంత లాగినా అప్పుడు కండ మీద ఒత్తిడి పడదు.

7. స్నానం, చెమట, బట్టలు

డాక్టరు సరేననే దాకా బ్రేస్ విప్పొద్దు, రాత్రి పూట కూడా. తడిగుడ్డతో ఒళ్లు తుడుచుకోండి. అనుమతి వచ్చాక కూడా ఒంటరిగా విప్పొద్దు, ఒక మనిషి పక్కన ఉండాలి. నడుము దగ్గర ముందుకు వంగి, చెయ్యి నేల వైపు వేలాడుతుండగా బ్రేస్ తీసి, చంక, చెయ్యి కడిగి, మెత్తగా అద్ది ఆరబెట్టి, పొడి కాటన్ గొట్టం ఎక్కించి, అదే భంగిమలో మళ్లీ బ్రేస్ వేయాలి.

మన ఎండాకాలంలో చెమటకాయలు తప్పవు. కాటన్ గొట్టాలు రెండు మూడు ఉంచుకుని, బ్రేస్ విప్పడానికి అనుమతి వచ్చాక రోజూ మార్చండి. పౌడరు చాలా పల్చగా మాత్రమే వేయండి, ఎక్కువైతే చెమటతో కలిసి ముద్ద కట్టి చర్మం ఒరుసుకుపోతుంది. దురద పుట్టిందని స్కేలు, అల్లిక సూది లోపలికి దూర్చొద్దు. కాటన్ గొట్టాన్ని పై నుంచీ కింది నుంచీ కొద్దిగా ఇటూ అటూ లాగితే దురద తగ్గుతుంది.

బట్టలు వేసుకునేటప్పుడు ముందు దెబ్బ చెయ్యి, తీసేటప్పుడు ముందు బాగున్న చెయ్యి. ముందు గుండీలున్న వదులు చొక్కాలు, నైటీలు సులువు.

8. వ్యాయామాలు: ఏది ఎప్పుడు

ఎముక అతికేదాకా చెయ్యి కదపకూడదన్నది మనలో పాతుకుపోయిన నమ్మకం. ఈ వైద్యంలో తగిన కదలిక ఉంటేనే ఎముక బాగా అతుకుతుంది.

మొదటి రోజు నుంచి: వేళ్లు, బొటనవేలు, మణికట్టు.

బ్రేస్ వేశాక, నొప్పి ఓర్చుకోగలిగినప్పుడు: రోజుకు నాలుగైదు సార్లు మెడ పట్టీ తీసి, చేతిని పక్కన వేలాడదీసి మోచెయ్యి నెమ్మదిగా చాచండి, వంచండి. మొదట పూర్తిగా చాపలేరు. బలవంతంగా లాగొద్దు, బరువుకి అదే జారుతుంది. బ్రేస్ లోపల కండను అయిదు సెకన్లు బిగించి వదిలే వ్యాయామం కూడా చేయండి.

తర్వాత, డాక్టరు చెప్పినప్పుడు: బాగున్న చేత్తో బల్ల పట్టుకుని ముందుకు వంగి, నడుము ఊపుతూ దెబ్బ చేతిని లోలకంలా చిన్న వలయాలుగా తిరగనివ్వండి. ఊగేది ఒళ్లు, చెయ్యి దాని వెంట వస్తుంది. భుజం కండతో చేతిని తిప్పకూడదు.

ఎముక అతికిందని చెప్పేదాకా చేయకూడనివి: చేతిని పక్కకు గానీ ముందుకు గానీ స్వయంగా పైకి లేపడం, ఆ చేత్తో ఊతం పట్టుకుని లేవడం, బకెట్ మోయడం, తలుపు నెట్టడం.

మొదటి వారాల ఎక్స్‌రేలో భుజం గుండు గిన్నె లోంచి కిందికి జారినట్టు కనిపించవచ్చు. భుజం కండ నీరసించడం వల్ల వచ్చే మార్పు ఇది. కండ బిగించే వ్యాయామాలతో సర్దుకుంటుంది.

9. ఎక్స్‌రేలు, అసలు పరీక్ష

మొదటి మూడు వారాలు వారానికోసారి, తర్వాత మూడు నాలుగు వారాలకోసారి ఎక్స్‌రే తీయడం మామూలు. బ్రేస్‌తోనే, నిలబడి, చెయ్యి వేలాడుతుండగా తీయించండి. పక్క నుంచి తీసే ఫిల్మ్ కోసం ఎవరైనా చేతిని మెలితిప్పబోతే వద్దనండి, చేతిని కాకుండా మనిషినే తిప్పి తీయాలి.

మొదటి రెండు మూడు వారాల్లో ఎముక కటకటలాడటం మామూలే. రానురాను ఆ చప్పుడు తగ్గి, ఎముక చుట్టూ పొగమంచులా కొత్త ఎముక ఎక్స్‌రేలో కనిపించాలి.

ఆరో వారం కీలకం. డాక్టరు మీ చేతిని పట్టుకుని విరిగిన చోట మెల్లగా కదిపి చూస్తారు. ఎముక ఒక్క కర్రలా కదిలితే దారిలో ఉన్నట్టు. అక్కడ మడత బందులా ఇంకా ఆడుతూ, ఎక్స్‌రేలో కొత్త ఎముక లేకపోతే, అతుక్కోకుండా ఉండిపోయే అవకాశం ఎక్కువ. ఆ రోజు "ఇంకో రెండు నెలలు చూద్దాం" అని బతిమాలకండి. ఆపరేషన్ చేసి ప్లేటు వేయించుకోవాలా అన్నది అప్పుడే మాట్లాడుకోండి. ఫిన్లాండ్ పరిశోధనలో ఆలస్యంగా ఆపరేషన్‌కి వెళ్లినవాళ్లు కోలుకోవడంలో మిగతావాళ్ల కంటే వెనకబడ్డారు.

వెంటనే ఆసుపత్రికి వెళ్లాల్సిన లక్షణాలు:

- వేళ్లు చల్లబడటం, నీలంగా మారడం
- మందు వేసినా నొప్పి పెరుగుతూ పోవడం, వేళ్లు చాచితే ప్రాణం పోయేంత బాధ
- కొత్తగా తిమ్మిరి, మణికట్టు వాలిపోవడం
- చర్మం మీద పుండు, చీము, జ్వరం
- బ్రేస్ వేసి ఉండగానే చెయ్యి కొత్తగా వంగినట్టు కనిపించడం

10. బ్రేస్ తీసేయడం, ఆ తర్వాత

చాలామందికి 8 నుంచి 12 వారాల మధ్య తీస్తారు. క్యాలెండర్ చూసి తీసేది కాదు. నొక్కితే నొప్పి లేకపోవడం, విరిగిన చోట కదలిక లేకపోవడం, ఎక్స్‌రేలో కొత్త ఎముక రెండు ముక్కలనూ కలపడం, మూడూ కుదరాలి.

తీశాక చెయ్యి సన్నబడి ఉంటుంది, భుజం బిగుసుకుని ఉంటుంది. గోడ మీద వేళ్లతో పైకి పాకడం, రెండో చేతి సాయంతో కర్ర పట్టుకుని పైకెత్తడం, ఆ తర్వాత రబ్బరు బ్యాండుతో బలం పెంచుకోవడం, ఈ వరసలో ఫిజియోథెరపిస్ట్ చేయిస్తారు. జడ వేసుకోవడం, వీపు వెనక చెయ్యి పెట్టడం అన్నిటికంటే ఆలస్యంగా వస్తాయి.

బండి నడపడానికి తొందరపడొద్దు. హ్యాండిల్‌ని రెండు చేతులా గట్టిగా పట్టుకుని, గుంత అదురుకి నొప్పి లేకుండా తట్టుకోగలగాలి. మామూలుగా మూడు నాలుగు నెలలు పడుతుంది. నీళ్ల బిందె, గ్యాస్ సిలిండర్, సిమెంటు బస్తా లాంటి బరువులు డాక్టరు ఎక్స్‌రే చూసి సరేనన్నాకే.